డిలీట్ కాలేదని చెప్పడానికి ప్రోగ్రాంకి నోరెందుకు రాదు?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ కంప్యూటర్ పేజీలో ఒక పాఠకుడు, ఫైల్ డిలీట్ చేద్దామంటే 'ఇది వేరే ప్రోగ్రాంలో తెరిచి ఉంది, కుదరదు' అని మెసేజ్ వస్తోంది ఏం చెయ్యమంటారు అని అడిగితే, సిస్టం రీస్టార్ట్ చేసి మళ్లీ డిలీట్ కొట్టండి అని రెండు లైన్లలో తేల్చేశారు. జవాబు తప్పని అనను, పనైతే అవుతుంది. కాకపోతే అది చదివాక నాకు మనసు ఊరుకోలేదు, ఎందుకంటే ఆయనకి కనీసం మెసేజ్ అన్నా వచ్చింది, రావాల్సిన మెసేజ్‌ని కూడా లోపల్లోపలే నొక్కేసే ప్రోగ్రాములు ఎన్నున్నాయో నాకు తెలుసు, అలాంటివి రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఉత్తరం కొంచెం పెద్దదయింది, ఎక్కడైనా కత్తిరించుకోండి పర్లేదు, కోడ్ రాయడం నేర్చుకునే పిల్లలు మీ పేజీ చదువుతారు కదా, వాళ్ల కంట పడితే చాలు.

ముందు ఆ మెసేజ్ సంగతి. విండోస్‌లో ఏ ప్రోగ్రాం అయినా ఫైల్ తెరిచేటప్పుడు సిస్టంకి ఒక మాట చెప్పి తెరుస్తుంది, నేను ఇది పట్టుకుని ఉన్నంతసేపు పక్కవాళ్లు చదువుకోవచ్చా, రాసుకోవచ్చా, తీసెయ్యొచ్చా అని. మూడూ వేరువేరు అనుమతులు. ఆ మూడోదాన్ని ఫైల్ షేర్ డిలీట్ అంటారు, తమాషా ఏంటంటే చాలామంది ప్రోగ్రామర్లకి అలాంటిది ఒకటుందనే తెలీదు, ఎందుకంటే సీ భాషలో ఎఫ్‌ఓపెన్ అన్నా పైథాన్‌లో ఓపెన్ అన్నా మామూలుగా తెరిస్తే మొదటి రెండూ ఇస్తాయి, మూడోది ఇవ్వవు. అంటే మనం అడక్కుండానే, మనకి తెలీకుండానే, ఆ ఫైల్‌ని ఎవరూ తీసెయ్యడానికి వీల్లేదని గొళ్లెం పెట్టేసినట్టు. అప్పుడు ఇంకో ప్రోగ్రాం వచ్చి డిలీట్ అంటే విండోస్ 32 నంబర్ ఎర్రర్ ఇస్తుంది, షేరింగ్ వయొలేషన్ అని. పాపం ఇది నిజాయితీ గల ఎర్రర్, ఫైల్ ఉంది, నీకు హక్కు ఉందో లేదో తర్వాత సంగతి, ఇప్పుడు మాత్రం ఎవరో పట్టుకున్నారు అని చెప్తోంది.

అసలు తలనొప్పి 5 నంబర్‌తో. యాక్సెస్ డినైడ్. ఫైల్ రీడ్ ఓన్లీ అయినా ఇదే, మనకి హక్కు లేకపోయినా ఇదే, ఫైల్ అనుకుని ఫోల్డర్‌ని డిలీట్ చెయ్యబోయినా ఇదే, నడుస్తున్న ప్రోగ్రాం తాలూకు ఈఎక్స్‌ఈని తీసెయ్యబోయినా ఇదే. ఇంకా విచిత్రం ఒకటుంది, మూడో అనుమతి ఇచ్చి తెరిచిన ఫైల్‌ని డిలీట్ చేస్తే విండోస్ సరే అంటుంది, సక్సెస్ అని చెప్తుంది, కానీ ఫైల్ అప్పుడే పోదు, ఆఖరి మనిషి మూసేదాకా పేరు అలాగే ఉండి ఎవరు తెరవబోయినా యాక్సెస్ డినైడ్ అంటుంది. డిలీట్ పెండింగ్ అంటారు దీన్ని. డిలీట్ చేసి వెంటనే అదే పేరుతో కొత్త ఫైల్ రాసే ప్రోగ్రాములు అప్పుడప్పుడూ ఎందుకు పడిపోతాయో చాలామందికి అర్థం కాదు, కారణం చాలాసార్లు ఇదే. విండోస్ 10లో తర్వాత్తర్వాత వచ్చిన వెర్షన్లలో, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ మామూలుగా వాడే ఫైల్ పద్ధతి) డిస్క్ అయితే పేరు వెంటనే పోయేలా మార్చారు, కొంత నయం. కానీ మీ ప్రోగ్రాం కొత్త సిస్టం మీదే నడుస్తుందని గ్యారంటీ ఏముంది.

పైథాన్ వాళ్లకి ఒక మాట, 32 వచ్చినా 5 వచ్చినా మీకు కనపడేది పర్మిషన్ ఎర్రర్ ఒక్కటే. రెండూ ఒకటే అనుకుని ఒకే మందు వేస్తారు. ఆ ఎర్రర్ లోపల విన్‌ఎర్రర్ అని ఒక నంబర్ ఉంటుంది, అది చూడండి. 32 అయితే కాసేపు ఆగి మళ్లీ అడగడంలో అర్థం ఉంది. రీడ్ ఓన్లీ ఫైల్‌ని గంటసేపు ఆగి అడిగినా అది రీడ్ ఓన్లీనే.

ఇప్పుడు నా సొంత గొడవ చెప్తా. ఇది లైనక్స్‌లో జరిగింది, అక్కడ కథ పూర్తిగా తిరగబడి ఉంటుంది. లైనక్స్‌లో ఫైల్ తెరిచి ఉన్నా డిలీట్ చేస్తే నిక్షేపంగా అయిపోతుంది, ఎర్రరే రాదు, ఎందుకంటే అక్కడ డిలీట్ అంటే డైరెక్టరీలో ఉన్న పేరుని తీసెయ్యడమే, లోపలి సరుకు మాత్రం ఎవరైనా తెరిచి పెట్టుకున్నంతకాలం బతికే ఉంటుంది. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు ఆ ఫైల్ ప్రాణం వేరే ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) చేతిలో ఉంటుంది. నేనేమో పాత లాగ్ ఫైళ్లని, అంటే ప్రోగ్రాములు తాము చేసిన పనులు రాసుకునే ఫైళ్లని, రోజూ రాత్రి తీసేసే చిన్న స్క్రిప్ట్ రాసి, ఎర్రర్ రావట్లేదు కదా అని కాలర్ ఎగరేసుకుని తిరిగాను. ఆ లాగులు రాసే సర్వీస్ మాత్రం ఎప్పుడో తెరిచిన ఫైల్‌ని మూయకుండా, పేరు లేని ఆ ఫైల్‌లోకే రాసుకుంటూ పోయింది. ఒకరోజు తెల్లారుజామున డిస్క్ నిండిపోయింది. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కొడితే నూటికి నూరు శాతం నిండింది అంటుంది, డీయూ కొట్టి ఫోల్డర్ ఫోల్డర్‌కీ లెక్క వేస్తే సగం కూడా రావట్లేదు. రెండు లెక్కలకీ పొంతన లేదు. నిద్రమత్తులో డిస్క్ పాడైందేమో అని కూడా అనుకున్నా. చివరికి తెరిచి ఉన్న ఫైళ్లని చూపించే ఎల్‌ఎస్‌ఓఎఫ్ అనే కమాండ్ కొడితే ఒక్కో లైన్ చివర బ్రాకెట్లో డిలీటెడ్, డిలీటెడ్, డిలీటెడ్ అని వరసగా కనపడ్డాయి, అన్నీ నేను విజయవంతంగా తీసేసిన ఫైళ్లే. సర్వీస్‌ని ఒక్కసారి రీస్టార్ట్ చెయ్యగానే డిస్క్ ఖాళీ అయిపోయింది, నా మొహంలో నెత్తురు కూడా.

కాబట్టి ఎర్రర్ రాలేదంటే పనైపోయినట్టు కాదు, ఆ సిస్టంలో డిలీట్ అంటే ఏంటో తెలిసుండాలి. లాగుల విషయంలో అయితే రాసే ప్రాసెస్‌కి సిగ్నల్ పంపి పాత ఫైల్ మూసి కొత్తది తెరుచుకోమని చెప్పాలి, లాగ్‌రొటేట్ అనే టూల్‌తో ఈ పని చేయించొచ్చు. లేదంటే ఫైల్‌ని తీసెయ్యకుండా కాపీ తీసుకుని సైజు సున్నా చేసే పద్ధతి ఉంది, అందులో కాపీకీ సున్నాకీ మధ్య రాసిన లైన్లు కొన్ని పోవచ్చు, పైగా ఆ ప్రాసెస్ అపెండ్ మోడ్‌లో, అంటే ఎప్పుడూ ఫైల్ చివరే రాసేలా, తెరిచి ఉండకపోతే మళ్లీ పాత చోటు నుంచే రాయడం మొదలుపెట్టి ఫైల్ మొదట్లో పెద్ద బొక్క మిగులుతుంది. నెట్‌వర్క్ డిస్క్ అయితే ఇంకో రకం, ఎన్‌ఎఫ్‌ఎస్ మీద తెరిచి ఉన్న ఫైల్‌ని అదే మెషిన్ నుంచి తీసేస్తే దాన్ని చుక్క ఎన్‌ఎఫ్‌ఎస్ అని మొదలయ్యే పిచ్చి పేరుకి మార్చి దాచిపెడుతుంది, తర్వాత ఫోల్డర్ తీసెయ్యబోతే ఖాళీగా లేదంటుంది, చుక్కతో మొదలయ్యే పేరు కాబట్టి మామూలుగా చూస్తే లోపల ఏమీ కనపడదు.

నాకు అన్నిటికన్నా ఒళ్లు మండేది మాత్రం ఎర్రర్‌ని మింగెయ్యడం. జావాలో పాత ఫైల్ క్లాస్‌లో డిలీట్ అని ఉంది, అది ట్రూ అనో ఫాల్స్ అనో తిరిగిస్తుంది అంతే, ఎందుకు కాలేదో చెప్పదు. ఆ ట్రూ ఫాల్స్‌ని చూసేవాళ్లు ఎంతమంది? నేను చూసిన కోడ్‌లో అయితే చాలా తక్కువ. 2011లో జావా 7తో పాటు ఫైల్స్ అనే క్లాస్ వచ్చింది, అందులో డిలీట్ చేస్తే ఫైల్ లేకపోతే ఒక ఎక్సెప్షన్ (కోడ్‌ని అక్కడే ఆపి చెప్పే ఎర్రర్), ఫోల్డర్ ఖాళీగా లేకపోతే ఇంకో ఎక్సెప్షన్ వస్తాయి, అయినా ఇప్పటికీ కొత్తగా రాసే కోడ్‌లో పాతదే వాడేవాళ్లు ఉన్నారు, అలవాటు. పైథాన్‌లో మొత్తం ఫోల్డర్ తీసెయ్యడానికి ఆర్‌ఎంట్రీ ఉంది, దానికి ఇగ్నోర్ ఎర్రర్స్ ట్రూ అని పెట్టేస్తే నోరు మూసుకుంటుంది. అదేదో రాసేవాడి ప్రాణానికి హాయి. ఏ ఫైల్ దగ్గర ఆగిందో చెప్పించుకోవడానికి దాంట్లోనే ఒక ఫంక్షన్ ఇచ్చే వీలు ఉంది, ముందు ఆన్‌ఎర్రర్ అనేవారు, పైథాన్ 3.12 నుంచి ఆన్‌ఎక్స్‌సీ. నాలుగు లైన్ల పని.

మింగేస్తే ఏమవుతుంది, ఓ పనికిమాలిన టెంప్ ఫైల్ మిగిలిపోతుంది అంతేగా అంటారు. సరే ఇది చూడండి. పాస్‌వర్డ్ పెట్టి దాచుకున్న డాక్యుమెంట్లని చూపించే ప్రోగ్రాం ఒకటి ఉందనుకోండి. మీరు తెరవగానే తాళం తీసిన కాపీ ఒకటి టెంప్ ఫోల్డర్‌లో పెట్టి, దాన్ని వేరే వ్యూయర్‌లో తెరిపిస్తుంది. మీరు ప్రోగ్రాం మూసెయ్యగానే ఆ కాపీని తీసెయ్యాలి. కానీ వ్యూయర్ ఇంకా తెరిచే ఉంది, 32 వచ్చింది, ప్రోగ్రాం దాన్ని మింగేసి తలుపేసుకుని వెళ్లిపోయింది. మీ రహస్యం తాళం లేకుండా డిస్క్ మీద పడి ఉంది, మీకేమో అంతా భద్రం అన్న నమ్మకం. ఇలాంటిదాన్ని సరిచెయ్యడం పెద్ద విద్య కూడా కాదు, తీసెయ్యాల్సిన ఫైళ్ల పేర్లు ఒక చిన్న జాబితాలో రాసిపెట్టుకుని, ప్రోగ్రాం మళ్లీ మొదలైనప్పుడు ముందు ఆ జాబితా చూసి మిగిలినవి తీసెయ్యడమే, అప్పటికీ కుదరకపోతే మనిషికి చెప్పడం.

మరి ఏ ఎర్రర్‌కి ఏం చెయ్యాలి అంటే, ఫైల్ లేదు అన్న ఎర్రర్ వస్తే సంతోషం, మనకి కావాల్సింది అదే కదా, దాన్ని విజయం కింద వేసుకోండి. కొంతమంది ముందు ఫైల్ ఉందా అని చూసి, ఉంటే డిలీట్ అని రాస్తారు, ఆ చూడ్డానికీ తీయడానికీ మధ్య ఇంకెవరో తీసేస్తే మళ్లీ అదే ఎర్రర్, కాబట్టి ఆ చూడ్డం దండగ, నేరుగా తీసెయ్యబోయి వచ్చిన ఎర్రర్ చూడండి. వాడకంలో ఉంది అంటే కొద్దిసేపు ఆగాలి, ఎందుకంటే చాలాసార్లు పట్టుకున్నది యాంటీవైరసో సెర్చ్ ఇండెక్సరో బ్యాకపో అయ్యుంటుంది, కొత్త ఫైల్ కనపడగానే అవి వచ్చి ఒక్క క్షణం తెరిచి చూసి పోతాయి. నేనైతే పదో వంతు సెకనుతో మొదలుపెట్టి ప్రతిసారీ రెట్టింపు ఆగుతూ ఐదారుసార్లు అడుగుతా, అప్పటికీ కాకపోతే అది యాంటీవైరస్ కాదు, ఎవరో నిజంగానే వాడుకుంటున్నారు. ఇక అక్కడ ఆపెయ్యాలి. ఆగకుండా లూప్‌లో అడుగుతూ కూర్చునే ప్రోగ్రాములు కూడా చూశా, ఫ్యాన్ గిర్రున తిరగడం తప్ప ఏమీ జరగదు.

అన్నట్టు, ఆ వాడుకుంటున్న 'ఎవరో' చాలాసార్లు మనమే! మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు ఫొటోలని చిన్న సైజు చేసి ఒరిజినల్‌ని తీసేసే ప్రోగ్రాం రాశాడు, తీసేసే దగ్గర 32 వస్తోంది. అన్నా, యాంటీవైరస్ వల్ల అనుకుంటా అని రెండు సెకన్లు స్లీప్ పెట్టాడు. కాలేదు. వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్‌ని పిలిచి మళ్లీ స్లీప్ పెట్టాడు, ఒకసారి అవుతోంది ఒకసారి కావట్లేదు. పక్కన కూర్చుని చూస్తే పైన ముప్ఫై లైన్ల అవతల ఫొటోని తెరిచింది వాడే, మూయడం మర్చిపోయింది వాడే. అరే, తాళం నీ జేబులోనే పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నావేంట్రా అంటే నవ్వేశాడు. పైథాన్‌లో విత్, సీ షార్ప్‌లో యూజింగ్, జావాలో ట్రై విత్ రిసోర్సెస్, ఇవన్నీ ఇందుకే ఉన్నాయి, బ్లాక్ దాటగానే ఫైల్ మూసుకుంటుంది, మధ్యలో ఎక్సెప్షన్ వచ్చినా సరే. జావాలో ఫైల్‌ని మెమరీలోకి మ్యాప్ చేస్తే మాత్రం జాగ్రత్త, ఛానల్ (ఫైల్ తెరిచిన దారి) మూసేసినా ఆ మ్యాప్ చేసిన బఫర్‌ని గార్బేజ్ కలెక్టర్ ఎప్పుడు తీస్తే అప్పటిదాకా విండోస్‌లో ఆ ఫైల్ కదలదు.

ఫోల్డర్ల దగ్గరైతే ఇంకో గండం. వెయ్యి ఫైళ్లున్న ఫోల్డర్‌ని తీస్తూ ఏడొందల దగ్గర ఒకటి వాడకంలో ఉందని ఆగిపోతే, మిగిలింది అటు ఫోల్డరూ కాదు ఇటు ఖాళీ కాదు. ఆ ఫోల్డర్‌ని వాడే ప్రోగ్రాం సగం ఫైళ్లతో లేచి అడ్డదిడ్డంగా నడుస్తుంది, అసలు లేవకపోతేనే మేలు. నేను ఇప్పుడు చేసేదేంటంటే, లోపల చెయ్యి పెట్టకముందు అదే డిస్క్ మీద ఆ ఫోల్డర్ పేరు మారుస్తా. విండోస్‌లో లోపల ఏ ఫైల్ తెరిచి ఉన్నా మామూలుగా ఫోల్డర్ పేరు మారదు, ఎర్రర్ ఇస్తుంది, అంటే ఒక్క ఫైల్ కూడా పోకముందే విషయం తెలిసిపోతుంది, వెనక్కి తగ్గొచ్చు. పేరు మారిందంటే ఇక పాత పేరుతో ఎవరూ వచ్చి తెరవలేరు, తీరిగ్గా తీసుకోవచ్చు. లైనక్స్‌లో ఎలాగూ పేరు మారిపోతుంది కాబట్టి అక్కడ ఇది పరీక్షగా పనికిరాదు, సగం సగం ఫోల్డర్ ఎవరికీ కనపడకుండా ఉండడానికి మాత్రం పనికొస్తుంది.

ఇక మీరు చెప్పిన రీస్టార్ట్. అది కూడా ప్రోగ్రాం చెయ్యగలిగిన పనే, విండోస్‌లో మూవ్‌ఫైల్‌ఈఎక్స్ అనే ఫంక్షన్‌కి రీస్టార్ట్ దాకా ఆగి తీసెయ్ అని చెప్పొచ్చు, సిస్టం ఆ పేరుని తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో రాసుకుని ఈసారి లేచేటప్పుడు ముందే తీసేస్తుంది. అడ్మిన్ హక్కులుండాలి. దీంట్లో ఒక మెలిక ఉంది, అది రాసుకునేది పేరుని. మీరు ఒక సాఫ్ట్‌వేర్ అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చెయ్యకుండా అక్కడే కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ చేస్తే, తెల్లారి సిస్టం లేచేటప్పుడు అదే పేరుతో ఉన్న కొత్త ఫైల్‌ని తీసి అవతల పారేస్తుంది. నిన్న బాగానే ఉంది ఇవాళ ఏమైందో అని జుట్టు పీక్కునే కేసుల్లో ఇదొకటి. ఇన్‌స్టాలర్లు రీస్టార్ట్ చెయ్యండి అని అడిగితే విసుక్కోకుండా చేసెయ్యండి, అది ఊరికే అడగట్లేదు.

అన్‌లాక్ చేస్తాం అని చెప్పుకునే టూల్స్ ఉంటాయి, వేరే ప్రోగ్రాం చేతిలోని ఫైల్‌ని బలవంతంగా లాగేసేవి. మీ పేజీలో ఎప్పుడైనా వాటిని సిఫార్సు చెయ్యబోతే రెండుసార్లు ఆలోచించండి. హ్యాండిల్ అంటే తెరిచిన ఫైల్‌కి సిస్టం ఇచ్చే ఒక నంబర్ అంతే, ఆ ప్రోగ్రాంకి తెలీకుండా దాన్ని మూసేస్తే విండోస్ అదే నంబర్‌ని రేపు వేరే ఫైల్‌కి ఇవ్వొచ్చు, ఆ ప్రోగ్రాం పాత ఫైలే అనుకుని కొత్తదాంట్లో రాసేస్తుంది. పద్ధతైన దారి ఉంది, విండోస్ విస్టా నుంచి రీస్టార్ట్ మేనేజర్ అని ఒకటి ఇచ్చారు, ఈ ఫైల్‌ని పట్టుకున్నది ఎవరు అని అడిగితే ప్రోగ్రాం పేరుతో సహా చెప్తుంది, దాన్ని మర్యాదగా మూసుకోమని అడగొచ్చు కూడా. ఇది చేతిలో పెట్టుకుని కూడా 'ఆపరేషన్ విఫలమైంది' అని ఒక్క ముక్క చూపించే ప్రోగ్రాములని ఏమనాలి? ఏ ఫైలో చెప్పవు, ఎవరు పట్టుకున్నారో చెప్పవు, కింద ఓకే బటన్ ఒకటి. ఏం ఓకే? 'మార్చి లెక్కలు అనే ఫైల్ ఎక్సెల్‌లో తెరిచి ఉంది, అది మూసి మళ్లీ ప్రయత్నించండి' అని రాసి, మళ్లీ ప్రయత్నించు, దీన్ని వదిలెయ్ అని రెండు బటన్లు పెడితే ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు.

ఆ ప్రశ్న అడిగిన పాఠకుడికి మీ ద్వారా ఒక మాట: రీస్టార్ట్ చేసేముందు విండోస్‌లోనే ఉండే రిసోర్స్ మానిటర్ తెరిచి సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ అన్నచోట ఆ ఫైల్ పేరు కొట్టి చూడండి, ఎవరు పట్టుకున్నారో కనపడుతుంది. అది మీరు వాడే ప్రోగ్రామే అయితే దాన్ని మూసెయ్యండి, అంతే. పేరు తెలియని సిస్టం ప్రాసెస్ అయితే దాన్ని చంపకండి, అప్పుడు సంపాదకులు గారు చెప్పినట్టే రీస్టార్ట్ చెయ్యండి.

నా లాగుల స్క్రిప్ట్‌ని ఆ తెల్లారుజాము తర్వాత మొత్తం తిరగరాశా. ఇప్పుడది రోజూ పొద్దున ఒక మెయిల్ పంపుతుంది, ఎన్ని తీసిందో, ఎన్ని వదిలేసిందో, వదిలేసినవి ఎవరి చేతిలో ఉన్నాయో. ఇవాళ్టి మెయిల్‌లో మూడు వదిలేశానని ఉంది, అందులో రెండు ఆ పాత సర్వీసే పట్టుకుంది, మూడోదాని పక్కన ఉన్నది నా పేరే, నిన్న రాత్రి చూడ్డానికి తెరిచి మూయకుండా పడుకున్నా.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక ప్రోగ్రామర్